ఉద్యోగంలో ఎదగాలంటే మెంటర్‌ని, పరిచయాలను ఎలా సంపాదించుకోవాలి?

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఉద్యోగం చేసే ఆడవాళ్ళకి సలహాలకు కొదవ లేదు. 'గవర్నమెంటు పరీక్షలు రాయమ్మా' అనే బాబాయి, 'పిల్లలు పెద్దయ్యాక చూసుకోవచ్చులే' అనే అత్తగారు, 'ఇంకో ఏడాది ఓపిక పట్టండి మేడమ్' అనే హెచ్‌ఆర్, అందరూ చెప్పేవాళ్ళే. దొరకనిది వేరే రకం మనుషులు. మనం లేని మీటింగులో, ప్రమోషన్ల జాబితా తయారయ్యే చోట, 'ఆ అమ్మాయికి ఇవ్వండి, చేస్తుంది' అని మన పేరు ఎత్తేవాళ్ళు. మెంటర్‌షిప్, నెట్‌వర్కింగ్ అంటూ చేసే ప్రయత్నమంతా చివరికి వాళ్ళ దాకా చేరడానికే. కృష్ణపట్నం పోర్టు దగ్గర లాజిస్టిక్స్ ఆఫీసులో పనిచేస్తున్నా, చీమకుర్తి గ్రానైట్ కంపెనీలో ఎగుమతి కాగితాలు చూస్తున్నా, ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా ఉన్నా, ఇంట్లో కూర్చుని చెన్నై కంపెనీకి కోడ్ రాస్తున్నా దారి ఇంచుమించు ఒకటే.

1. ముందు ఒక కాగితం తీసుకోండి

మూడు విషయాలు రాయండి: ఇప్పుడు నేను చేస్తున్న పని, రెండేళ్ళలో చేరాలనుకుంటున్న పని, మధ్యలో నాకు లేనిది. మూడోదే ముఖ్యం. 'ఎదగాలి' అని రాస్తే ఎవరూ సాయం చేయలేరు.

ఒక ఉదాహరణ చూద్దాం. తీరంలో రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌గా ఉన్న అమ్మాయి క్వాలిటీ ఇన్‌చార్జి కావాలనుకుంది. పరీక్షలు చేయడం ఆమెకు వచ్చు. రానివి రెండు. ఎగుమతి యూనిట్లలో తప్పనిసరిగా ఉండాల్సిన 'హ్యాసప్' (ఆహారంలో ప్రమాదం ఎక్కడ రావచ్చో ముందే గుర్తించి అదుపు చేసే) పద్ధతి మీద శిక్షణ, ఆడిట్ టీమ్ వచ్చినప్పుడు ఎదురుగా నిలబడి జవాబు చెప్పిన అనుభవం. మొదటిదానికి ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల అభివృద్ధి సంస్థ) లాంటి సంస్థలు శిక్షణ ఇస్తాయి, దానికి మెంటర్ అక్కర్లేదు. రెండోది మాత్రం ఎవరో ఒకరు 'ఈసారి ఆడిట్‌కి ఈమెను కూడా కూర్చోబెడదాం' అంటేనే వస్తుంది. ఇంత వివరంగా తెలిస్తే ఎవరిని వెతకాలో దానంతట అదే తేలుతుంది.

2. తెలిసినవాళ్ళ జాబితా రాయండి, దూరపువాళ్ళతో మొదలుపెట్టి

'నాకెవరు తెలుసండీ' అనేది చాలామంది మాట. ఫోన్ తీసి పేర్లు చూడండి. డిగ్రీలో సీనియర్, పాత ఆఫీసు క్యాషియర్, ట్రైనింగ్‌లో పక్కన కూర్చున్న గూడూరు అమ్మాయి, కంపెనీకి వచ్చే ఆడిటర్, బ్యాంకు మేనేజరు, పినాకినీ ఎక్స్‌ప్రెస్‌లో రోజూ కనిపించే లెక్చరర్ మేడమ్. వీళ్ళంతా లెక్కలోకి వస్తారు.

దగ్గరివాళ్ళ కంటే ఈ దూరపు పరిచయాలే ఉద్యోగం విషయంలో ఎక్కువ పనికొస్తాయని అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ 1973లో రాశాడు. పరిచయం ద్వారా ఉద్యోగం దొరికినవాళ్ళని ఆయన 'ఆ మనిషిని అప్పట్లో ఎంత తరచుగా కలిసేవాళ్ళు' అని అడిగితే, తరచుగా అన్నవాళ్ళు నూటికి 17 మంది లోపే. అప్పుడప్పుడు అన్నవాళ్ళు 55 మంది పైచిలుకు, అరుదుగా అన్నవాళ్ళు దాదాపు 28 మంది. కారణం తేలికే. రోజూ మనతో కలిసి టీ తాగేవాళ్ళకి తెలిసింది మనకీ తెలుసు. కొత్త కబురు వేరే చోటి నుంచే రావాలి. సుమారు రెండు కోట్ల మంది లింక్డ్‌ఇన్ వాడకందార్ల మీద జరిగిన ప్రయోగం ఫలితాలు 2022లో వచ్చాయి. అందులోనూ ఇదే తేలింది, చిన్న సవరణతో: పేరుకి మాత్రమే తెలిసినవాళ్ళ కంటే ఓ మోస్తరుగా తెలిసినవాళ్ళు ఎక్కువ ఉపయోగపడ్డారు.

మన ఊళ్ళలో ఇది ఆడవాళ్ళకే ఎక్కువ అవసరం అంటాను. మగవాళ్ళకి సాయంత్రం టీ కొట్టు దగ్గరే సగం కబుర్లు తెలుస్తాయి. ఆఫీసు అయిపోగానే బస్సెక్కి ఇంటికెళ్ళి పొయ్యి వెలిగించే మనిషికి ఆ అవకాశం లేదు. కాబట్టి పనిగట్టుకుని చేసుకోవాలి. జాబితాలోంచి నెలకి ఇద్దరికి ఒక మెసేజ్ పెట్టండి. పని ఏమీ అడగకుండా, ఊరికే పలకరింపుగా.

3. ఒక్క మనిషిలోనే అన్నీ వెతక్కండి

మెంటర్ అంటే గురువుగారు, పాదాలకు దండం పెట్టి శిష్యరికం చేయాలి అన్న ఊహ ఒకటి మనలో ఉంది. దాన్ని పక్కన పెట్టేయండి. మీకు కావలసినవాళ్ళు మూడు రకాలు.

పని నేర్పేవాళ్ళు: ఎక్సెల్, టాలీ, ఐసీయూ ప్రొటోకాల్, ఏదైనా సరే. వీళ్ళు మీ కంటే చిన్నవాళ్ళు కూడా కావచ్చు, మొహమాటం వద్దు.

దారి చెప్పేవాళ్ళు: మీరు వెళ్ళాలనుకున్న చోటికి మీ కంటే నాలుగైదేళ్ళ ముందు చేరినవాళ్ళు. ముప్పై ఏళ్ళ సర్వీసున్న పెద్దాయన కంటే వీళ్ళ మాటే ఎక్కువ పనిచేస్తుంది. ఇప్పటి పరిస్థితి వాళ్ళకి తెలుసు, పిల్లాణ్ణి ఎవరి దగ్గర వదిలి నైట్ డ్యూటీ చేశారో కూడా చెప్పగలరు.

పేరు చెప్పేవాళ్ళు: నిర్ణయం తీసుకునే గదిలో కుర్చీ ఉన్నవాళ్ళు. వీళ్ళు సంపాదించుకోవలసినవాళ్ళు, వాళ్ళంతట వాళ్ళు దొరకరు. ఆడవాళ్ళకి మెంటర్లు ఉన్నా ప్రమోషన్లు ఎందుకు తక్కువ అన్న ప్రశ్న మీద 2010లో హెర్మీనియా ఇబారా, మరో ఇద్దరు పరిశోధకులు చెప్పిన జవాబు ఇదే. ఆడవాళ్ళకి సలహా బాగానే అందుతోంది, వాళ్ళ తరఫున గట్టిగా మాట్లాడేవాళ్ళు మాత్రం తక్కువ. మగవాళ్ళ మెంటర్లు పై హోదాలో ఉంటారు, పోస్టు ఖాళీ కాగానే తమ మనిషి పేరు ముందుకు తోస్తారు.

4. చిన్న ప్రశ్నతో మొదటి మెసేజ్ పెట్టండి

'మీరు నాకు మెంటర్‌గా ఉంటారా మేడమ్?' అని అడిగితే ఎదుటి మనిషికి టెన్షన్. ఎన్నాళ్ళు, ఎంతసేపు, ఏం చేయాలి, ఏమీ తెలియదు. దాని బదులు ఇలా రాసి చూడండి:

"నమస్తే మేడమ్. నేను ఒంగోలు బ్రాంచిలో అకౌంట్స్ చూస్తున్నాను. మీరు అకౌంట్స్ నుంచి ఆడిట్ వైపు మారారని విన్నాను. నాకూ అటు రావాలని ఉంది. ముందు సీఏ ఇంటర్ పూర్తి చేయాలా, ఇక్కడే జీఎస్టీ పని అడిగి తీసుకుని అనుభవం తెచ్చుకోవాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. మీకు వీలైన రోజు ఓ పావుగంట ఫోన్లో మాట్లాడొచ్చా? ఈ వారం కాకపోయినా పర్లేదు."

మీరెవరో, ఆమెనే ఎందుకు అడుగుతున్నారో, ప్రశ్న ఏమిటో, ఎంతసేపు కావాలో, అంతా ఇందులోనే ఉంది. పది రోజులైనా జవాబు రాకపోతే ఒకసారి గుర్తు చేయండి. అప్పటికీ రాకపోతే జాబితాలో తర్వాతి పేరు. మనసు కష్టపెట్టుకోవద్దు.

మెంటర్ మగవాడైతే? పై పోస్టుల్లో ఎక్కువమంది వాళ్ళే, కాబట్టి తప్పించుకుని తిరగలేం. ఊరు చిన్నది, నోళ్ళు పెద్దవి అన్న సంగతీ నిజమే. అందుకే ఆఫీసు వేళల్లో, ఆఫీసులోనే, తలుపు తీసిన గదిలోనో క్యాంటీన్‌లోనో కలవండి. మాట్లాడుకున్నది మెయిల్‌లో నాలుగు ముక్కలుగా పంపండి. రాత్రి పదింటికి ఫోన్లు, పనికి సంబంధం లేని మెసేజ్‌లు మొదలైతే సర్దుకుపోనక్కర్లేదు, ఆ పరిచయం అక్కడితో ఆపేయండి. హద్దు దాటితే పనిచేసే చోట లైంగిక వేధింపులను అడ్డుకునే 2013 నాటి చట్టం ఉంది. పది మంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి, అంతకంటే చిన్న సంస్థలకు జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది. మామూలుగా మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి.

5. చెప్పింది చేసి, ఏమైందో తిరిగి చెప్పండి

ఎక్కువమంది వదిలేసేది ఇక్కడే. సలహా తీసుకుంటారు, థాంక్స్ చెప్తారు, మళ్ళీ ఆర్నెల్లకి ఇంకో అవసరం పడ్డప్పుడు ఫోన్ చేస్తారు. సలహా ఇచ్చినవాళ్ళకి అది ఏమైందో తెలియదు. మీరు మూడు వారాల తర్వాత 'మీరన్నట్టే జీఎస్టీ రిటర్నుల పని అడిగాను, ఇచ్చారు, రెండు నెలల ఫైళ్ళు చూశాను, ఇన్‌పుట్ క్రెడిట్ దగ్గర కొంచెం ఇబ్బందిగా ఉంది' అని రాస్తే ఆమె మిమ్మల్ని మర్చిపోదు. దారి చెప్పే మనిషి పేరు చెప్పే మనిషిగా మారేది ఈ కబుర్ల వల్లే. మీ గురించి చెప్పడానికి ఆమె దగ్గర ఏదో ఒకటి ఉండాలి కదా.

6. తోటివాళ్ళతో ఓ చిన్న సంఘం కట్టండి

ఈ విషయంలో పాఠం కోసం ఎక్కడికో వెళ్ళక్కర్లేదు. దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వచ్చిన ఆడవాళ్ళు 1992లో సారా మీద తిరగబడితే, 1993 అక్టోబరు నాటికి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ తర్వాత నెల్లూరు జిల్లాలో ఆ కూడికలే రోజుకో రూపాయి పొదుపుగా మారాయి. రాత్రిబడిలో కూర్చున్నవాళ్ళే లెక్కల పుస్తకం పట్టుకున్నారు. తర్వాతి కాలంలో ఉమ్మడి రాష్ట్రం సంఘాల్లో రాటుదేలిన మహిళలు సీఆర్‌పీలుగా (తమ అనుభవంతో ఇతరులకు నేర్పే కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్లుగా) బీహార్ లాంటి చోట్లకు వెళ్ళి అక్కడ సంఘాలు కట్టించారు. సంఘం లీడరు, గ్రామ సంఘం, మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య, ఇది కూడా ఒక కెరీర్ నిచ్చెనే. ఆఫీసు ఉద్యోగాలవాళ్ళం దాన్ని చిన్నచూపు చూస్తాం, అది మన తెలివితక్కువ.

పొదుపు సంఘాల పంచసూత్రాల్లో రెండింటిని అరువు తెచ్చుకోండి: క్రమం తప్పని సమావేశం, పుస్తకం రాయడం. ఆరేడుగురు చాలు, వీలైతే వేరువేరు ఆఫీసులవాళ్ళు. నెలలో ఒక ఆదివారం గంటన్నర. ప్రతి ఒక్కరూ ఒక సమస్య, ఒక కబురు తేవాలి. ఎవరు ఎవరికి ఏం చేస్తామన్నారో పుస్తకంలో రాయాలి, వచ్చే నెల చదవాలి. జీతాల గురించి దాపరికం లేకుండా మాట్లాడుకోండి. పక్క ఆఫీసులో ఇదే పనికి ఎంతిస్తున్నారో తెలియనివాళ్ళు ఇంక్రిమెంట్ అడగలేరు. వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నా పర్లేదు గానీ, గుడ్‌మార్నింగ్ పువ్వులు మొదలైన రోజున అది పోయినట్టే.

సొంత వ్యాపారం చేసేవాళ్ళకి ఈ సంఘంతో పాటు 1993లో మొదలైన మహిళా పారిశ్రామికవేత్తల సంఘం ఎలీప్ ఉంది. నీతి ఆయోగ్ మొదలుపెట్టిన మహిళా పారిశ్రామిక వేదిక ఉంది. చిన్న వ్యాపారాలు ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, దానికి డబ్బులడిగే ఏజెంటు మెంటర్ కాడు.

7. పేరు చెప్పమని అడగండి

సిగ్గుపడే పనేమీ కాదు. ఏడాదిలో మీరు చేసిన పనిని ఐదారు వాక్యాల్లో, అంకెలతో రాసి ఉంచుకోండి: ఎన్ని ఫైళ్ళు, ఎంత సమయం తగ్గింది, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఎవరికి నేర్పారు. దాన్ని మీ పేరు చెప్పగలిగే మనిషికి పంపి, 'సార్, సూపర్‌వైజర్ పోస్టు ఖాళీ అవుతోందని తెలిసింది. మాట వచ్చినప్పుడు నా పేరు చెప్తారా?' అని సూటిగా అడగండి. ఆయన తటపటాయిస్తే, 'ఏం తక్కువైంది సార్, చెప్పండి' అనండి. ఆ జవాబు తెచ్చి మొదటి కాగితం మీద మూడో గడిలో రాసుకోండి.

8. సెలవులో ఉన్నప్పుడు తెగిపోనివ్వకండి

పదిమంది, అంతకు మించి పనిచేసే సంస్థల్లో మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల ప్రసూతి సెలవు 2017 సవరణతో వచ్చిన హక్కు. సెలవుకి ముందే, తిరిగి వచ్చాక ఏ పని మీదో మేనేజరుతో మాట్లాడి మెయిల్‌లో పెట్టించుకోండి. సెలవులో రెండు నెలలకోసారి ఒక మెసేజ్ చాలు, పాప ఫోటో పంపినా సరే. పెళ్ళయి కావలి నుంచి హైదరాబాద్‌కో బెంగళూరుకో మారేవాళ్ళయితే బయల్దేరే ముందే మెంటర్‌ని, 'అక్కడ మీకు తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా మేడమ్? ఒక్కరికి నా గురించి చెప్పండి' అని అడగండి. కొత్త ఊళ్ళో దిగాక అడిగితే ఆలస్యమవుతుంది.