తాటి జాతి అనుకున్నది సైకస్ అని తేలాక

పెరట్లో మొద్దులాంటి కాండంపై ఈకల వంటి ఆకులతో గుండ్రంగా విచ్చుకున్న చెట్టును చాలాకాలం తాటి జాతిదే అనుకున్నాను. కొత్త ఆకులు పసుపుపచ్చగా, ముడుచుకుపోయి, కొసలు కాలినట్టు రావడం మొదలైనప్పుడు నీరు చాలడం లేదేమోనని రోజూ పోశాను. అదే నా మొదటి పొరపాటు.

తరువాతి విడత ఆకులు వెలువడుతున్నప్పుడు దగ్గరగా చూస్తే, వాటి పత్రకాలు ఫెర్న్ చిగుళ్లలా చుట్టలు చుట్టుకొని ఉన్నాయి. పైగా ఆకులన్నీ ఒకటొకటిగా కాక ఒకేసారి వలయంగా వచ్చాయి. తాటి కుటుంబంలో అలా ఉండదు. అది పూలు పూయని, వాటికి బదులు శంకువులు (కోన్‌లు) పెట్టే సైకస్ రివొల్యుటా అనే మొక్క. చుట్టరికం చూస్తే తాటికన్నా దేవదారుకే దగ్గర!

ముదురు ఆకులు పచ్చగానే ఉండి కొత్తవి మాత్రమే ఇలా వంకరపోవడం మాంగనీసు లోపానికి గుర్తు. మట్టిలో క్షారగుణం ఎక్కువైతే, ఆ పోషకం ఉన్నా వేళ్లకు సరిగా అందదు. పరీక్షిస్తే నా మట్టి ఉదజని సూచిక (pH) 8 దాటింది, అంటే క్షారగుణం ఎక్కువే. అందుకని మాంగనీస్ సల్ఫేట్‌ను పొట్లంపై సూచించిన మోతాదులో మొదలు చుట్టూ చల్లి, పైమట్టి 2 అంగుళాల మేర ఆరిన తరువాతే తడపసాగాను. పాడైన ఆకులు మళ్లీ కోలుకోవు గానీ, పచ్చదనం మిగిలినంతవరకు అవి చెట్టుకు ఆహారం తయారుచేస్తూనే ఉంటాయి కాబట్టి, కత్తిరించాలన్న తొందరను అతి కష్టంమీద ఆపుకున్నాను. మరుసటి విడత ఆకులు నిండు పచ్చగా వచ్చాయి.

చెట్టంతా, ముఖ్యంగా గింజలు, విషపూరితం. కుక్కలకు ప్రాణాంతకం కూడా. అందువల్ల దాని చుట్టూ ఇప్పుడు చిన్న కంచె వేశాను.