అమెరికాలో పన్ను రిటర్ను: ఏప్రిల్ 15 లోపు తేల్చుకోవలసినవి

జీతంలోంచి ప్రతిసారీ పన్ను కోసుకుంటూనే ఉన్నారు కాబట్టి ఇక తాము చేయవలసింది ఏమీ లేదని, అమెరికాలో కొత్తగా ఉద్యోగంలో చేరిన మన పిల్లలు చాలామంది అనుకుంటారు. ఆ కోత ముందస్తు చెల్లింపు మాత్రమే. లెక్క తేలేది రిటర్నుతోనే. పైగా ఆ లెక్క ఫెడరల్ ప్రభుత్వానికి వేరు, రాష్ట్రానికి వేరు. ఒకచోట దాఖలు అక్కరలేదని తేలినంత మాత్రాన రెండోచోట కూడా అక్కరలేదని అనుకోకూడదు.

పన్ను చట్టం ప్రకారం రెసిడెంట్లయిన (గ్రీన్ కార్డు ఉన్న, లేదా చట్టం చెప్పినన్ని రోజులు అమెరికాలో గడిపిన) 65 ఏళ్లలోపు వారు, 2025లో స్థూల ఆదాయం అవివాహితులకు 15,750 డాలర్లు, ఉమ్మడిగా దాఖలు చేసే దంపతులకు 31,500 డాలర్లు చేరితే ఫెడరల్ రిటర్ను వేయాలి. సొంత పని మీద నికరంగా 400 డాలర్లు మిగిలినా వేయవలసిందే. రెసిడెంట్లకు హైదరాబాదులో వచ్చే ఇంటి అద్దె, ఇండియాలో పన్ను లేని, ప్రవాస భారతీయుల ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ల వడ్డీ కూడా ఆదాయంలోకే వస్తాయి.

విద్యార్థుల విషయం వేరు, ఎక్కువ పొరపాట్లు జరిగేదీ ఇక్కడే. ఎఫ్-1 వీసాపై వచ్చినవారు సాధారణంగా మొదటి 5 క్యాలెండర్ సంవత్సరాలు నాన్-రెసిడెంట్లు. పైసా సంపాదించకపోయినా, ఆ హోదాను తెలిపే ఫారం 8843 పంపాలి. జీతం అందుకుంటే నాన్-రెసిడెంట్ల రిటర్ను ఫారమైన 1040-ఎన్‌ఆర్ వేయాలి. రూమ్మేటు వాడిన సాఫ్ట్‌వేరులోనే రెసిడెంట్లు వేసే మామూలు 1040 వేసేసినవారు, సవరణ ఫారమైన 1040-ఎక్స్‌తో దాన్ని సరిదిద్దుకోవాలి. నాన్-రెసిడెంట్లకు మామూలుగా దక్కని, ఆదాయంలోంచి నిర్ణీత మొత్తాన్ని పన్ను లేకుండా తీసివేసే స్టాండర్డ్ డిడక్షన్‌ను, భారత్-అమెరికా పన్ను ఒప్పందం మన విద్యార్థులకు ఇస్తోంది, దాన్ని వదులుకోవద్దు.

ఇక రాష్ట్రాలు. టెక్సాస్, ఫ్లోరిడాలలో జీతంపై రాష్ట్ర పన్ను లేదు. అయితే జూలైలో న్యూజెర్సీ నుంచి డల్లాస్‌కు మారినవారు, అంతకు ముందరి నెలల జీతానికి న్యూజెర్సీలో పాక్షిక నివాసిగా రిటర్ను వేయవలసి ఉంటుంది. జెర్సీ సిటీలో ఉంటూ మన్‌హట్టన్‌లో పనిచేసేవారు రెండు రాష్ట్రాలకూ వేయాలి. న్యూయార్క్‌కు కట్టిన పన్నుకు న్యూజెర్సీ తన పన్నులో తగ్గింపు (క్రెడిట్) ఇస్తుంది. పెన్సిల్వేనియాలో పన్ను పడే ఆదాయం 33 డాలర్లు దాటితే చాలు, రిటర్ను తప్పనిసరి! ఏడాది జీతం, కోతల లెక్కతో యజమాని ఇచ్చే డబ్ల్యూ-2 పత్రం చేతికి రాగానే 15 నుంచి 17 వరకు ఉన్న గడులు చూడండి. ఏ రాష్ట్రం పేరున ఎంత జీతం చూపారో, ఎంత కోశారో అక్కడ ఉంటుంది.

ఏప్రిల్ 15 నాటికి కాగితాలు సమకూరకపోతే ఫారం 4868తో అక్టోబరు 15 వరకు వ్యవధి దొరుకుతుంది, కానీ అది దాఖలుకే తప్ప చెల్లింపుకు కాదు. దాఖలు ఆలస్యమైతే బాకీపై నెలకు 5 శాతం చొప్పున 25 శాతం దాకా జరిమానా పడుతుంది. చెల్లింపు ఆలస్యానికి నెలకు 0.5 శాతమే. అందువల్ల డబ్బు సర్దుబాటు కాకపోయినా రిటర్ను ఆపకుండా గడువులోగా వేసి, మిగిలిన బాకీకి వాయిదాలు కోరండి.