లగ్జరీ సెడాన్‌ మంచిచెడ్డలు తూచి చూడటం ఎలా?

మధ్యస్థాయి లగ్జరీ సెడాన్‌ అనగానే మన దగ్గర మూడు పేర్లు వినిపిస్తాయి: మెర్సిడెస్‌ బెంజ్‌ ఈ-క్లాస్‌, బీఎండబ్ల్యూ 5 సిరీస్‌, ఆడి ఏ6. కొత్తది రోడ్డెక్కాలంటే 70 లక్షలు దాటాల్సిందే. అందుకే చాలామంది ఐదారేళ్ల పాత బండి వైపు చూస్తారు. ఇక్కడ ఉదాహరణకి 2017లో మన దేశంలోకి వచ్చిన, ముందు వెనక చక్రాల మధ్య దూరం (వీల్‌బేస్‌) ఎక్కువున్న లాంగ్‌ వీల్‌బేస్‌ ఈ-క్లాస్‌ తీసుకుంటున్నాను. మిగతా రెండింటికీ ఇదే పద్ధతి పనికొస్తుంది.

బయల్దేరే ముందు ఒక కాగితం మీద రెండు గళ్లు గీయండి. డబ్బు పెడితే పోయే లోపాలు ఒకవైపు, ఎంత పెట్టినా పోనివి రెండోవైపు. టైర్లు అరిగితే మార్చుకుంటాం. బండి మీ పార్కింగ్‌లో పట్టకపోతే మాత్రం ఏమీ చేయలేం. కంటబడిన ప్రతిదాన్నీ ఈ రెండు గళ్లలో ఏదో ఒకదాంట్లో రాయండి.

1. ముందు వెనక సీట్లో కూర్చోండి

చాలామంది నేరుగా స్టీరింగ్‌ దగ్గరికి వెళ్తారు. ఈ బండి అసలు బలం వెనక ఉంది. దీని వీల్‌బేస్‌ 3,079 మిల్లీమీటర్లు. విదేశాల్లో అమ్మిన మామూలు ఈ-క్లాస్‌ కంటే 140 ఎక్కువ. ఆ పొడవంతా వెనక కూర్చునేవాళ్ల కాళ్లకే దక్కింది. సీటు వీపు భాగం 37 డిగ్రీల దాకా వాలుతుంది.

అయితే వీలైతే అమ్మనో నాన్ననో వెంట తీసుకెళ్లండి. సెడాన్‌ సీటు కిందకి ఉంటుంది. దిగేటప్పుడు వాళ్లు దేన్ని పట్టుకుని లేస్తున్నారో గమనించండి. డోరు పట్టుకుని, ఒక్క క్షణం ఆగి, మోకాలి మీద చెయ్యి ఆనించి లేస్తున్నారంటే ఆ ఇబ్బంది రోజూ ఉంటుంది. అది రెండో గడిలోకి వెళ్లాలి. మధ్యలో మూడో మనిషిని కూడా కూర్చోబెట్టి చూడండి. కింద ఎత్తుగా ఉండే టన్నెల్‌ వల్ల కాళ్లు ఎటు పెట్టుకోవాలో తెలియదు. ఐదుగురు తరచూ తిరిగే కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు.

డిక్కీ తెరవండి. స్టెప్నీ లోపలే చాలా చోటు ఆక్రమించి ఉంటుంది. తిరుపతి వెళ్లేటప్పుడు మీరు వాడే పెద్ద సూట్‌కేసే తీసుకెళ్లి పెట్టి చూడండి.

2. టేపుతో కొలవండి

బండి పొడవు 5,063 మిల్లీమీటర్లు. అంటే ఐదు మీటర్ల పైనే. 2024లో వచ్చిన 5 సిరీస్‌ ఇంకా పొడుగు, 5,165. మీ అపార్ట్‌మెంట్‌ సెల్లార్‌లో రెండు పిల్లర్ల మధ్య చోటు, ర్యాంప్‌ మలుపు రెండూ కొలుచుకోండి.

3. మీ వీధిలోనే నడపండి

షోరూం వాళ్లు చూపించే నున్నటి రోడ్డు మీద ఏ బండైనా బాగానే ఉంటుంది. మీ కాలనీలో అందరికంటే ఎత్తయిన స్పీడ్‌ బ్రేకర్‌ మీదికి నలుగురిని ఎక్కించుకుని వెళ్లండి. ముందు, వెనక చక్రాల మధ్య దూరం పెరిగేకొద్దీ బండి పొట్ట నేలకి తగిలే అవకాశం పెరుగుతుంది. వెనక సీటు సుఖానికి ఇక్కడ మూల్యం చెల్లిస్తాం.

ఇక ఇంజిన్‌. ఈ-క్లాస్‌ డీజిల్‌ రకాల్లో ఒకటైన ఈ220డీలో 2 లీటర్ల డీజిల్‌, 194 హార్స్‌పవర్‌, 9 గేర్ల ఆటోమేటిక్‌. హైదరాబాద్‌ నుంచి విజయవాడకి నెలకి రెండు మూడుసార్లు తిరిగేవాళ్లకి ఇది చక్కటి జోడీ. రోజూ ఇంటి నుంచి ఆఫీసుకి నాలుగు కిలోమీటర్లే అయితే డీజిల్‌ జోలికి వెళ్లకండి. పొగ గొట్టంలో మసిని పట్టి ఉంచే ఫిల్టర్‌ ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే బండి కాసేపు ఆగకుండా వేగంగా నడవాలి. ట్రాఫిక్‌లో ఆ వేడి పుట్టదు, ఫిల్టర్‌ పూడుకుపోతుంది. వాళ్లకి పెట్రోలే మేలు.

4. పాత బండి అయితే నీళ్ల జాడ వెతకండి

ఇక్కడ మాత్రం తొందరపడకండి. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లోనూ, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలోనూ ఎన్నో కార్లు మునిగాయి. అలాంటివి కడిగి, పాలిష్‌ చేసి మళ్లీ అమ్మకానికి వస్తాయి.

మా బావమరిది కోసం ఒక బండి చూడటానికి వెళ్లాం. లోపలంతా కొత్తదానిలా మెరుస్తోంది, లెదర్‌ వాసన కూడా బాగుంది. నేను వెనక సీటు బెల్టు చివరిదాకా లాగాను. ఎప్పుడూ బయటికి రాని ఆఖరి జానెడు మీద ఎండిన బురద చార కనిపించింది. ఇంకేమీ అడక్కుండా వచ్చేశాం.

మీరూ బెల్టులన్నీ పూర్తిగా లాగండి. సీటు పట్టాల మీద తుప్పు ఉందేమో టార్చి వేసి చూడండి. డిక్కీ కార్పెట్‌ ఎత్తి అడుగున చెయ్యి పెట్టండి. టైరు మీద అది తయారైన నాలుగంకెల తేదీ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం. బండిని రాత్రంతా ఒకచోట ఉంచమని చెప్పి పొద్దున్నే వెళ్లండి. ఎయిర్‌ సస్పెన్షన్‌ (స్ప్రింగుల బదులు గాలి సంచులు) ఉన్న బండి ఒక మూల కుంగి కనిపిస్తే గాలి కారుతోందన్నమాట. అది పెద్ద ఖర్చు. మెకానిక్‌ని స్కానర్‌తో తీసుకెళ్లి లోపల నమోదైన ఫాల్టులన్నీ చదివించండి. సర్వీసు చరిత్ర అమ్మేవాళ్ల ఫైల్లో కాక, ఛాసిస్‌ నంబరు ఇచ్చి కంపెనీ సర్వీస్‌ సెంటర్లోనే అడగండి.

5. బేరం

ఇప్పుడు కాగితం తీయండి. రెండో గడిలో మీ ఇంటికి నిజంగా అడ్డయ్యేది ఒక్కటున్నా ధర ఎంత తగ్గించినా వద్దనండి. మొదటి గడిలోని ఒక్కో లోపానికీ పక్కన రిపేరు ఖర్చు వేసి, ఆ మొత్తాన్ని ధరలోంచి తగ్గించమని అడగండి. వేరే రాష్ట్రం బండి అయితే ఇక్కడ కట్టాల్సిన లైఫ్‌ ట్యాక్స్‌ కూడా అందులో కలపండి. అక్కడి ఆర్టీవో ఇచ్చిన ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) చూడకుండా అడ్వాన్స్‌ మాత్రం ఇవ్వొద్దు.