ఇంగ్లీషు ‘గెట్’ చెక్ భాషలో తెచ్చే చిక్కులు: సమస్య - పరిష్కారం

ఇంగ్లీషు ద్వారా చెక్ భాష నేర్చుకునేవారు ‘గెట్’కు సమానార్థకంగా సాధారణంగా మొదట నేర్చుకునే క్రియ ‘దొస్తత్’. దాన్ని అన్ని సందర్భాలకూ వాడడమే ఇక్కడి పొరపాట్లలో ఎక్కువ భాగానికి మూలం. చెక్ మాటలను ఉచ్చారణకు దగ్గరగా తెలుగు లిపిలో రాశాను. ‘ఝ’ ఉన్నచోట ‘ప్లెజర్’ మధ్యలో వినిపించే ధ్వని పలకాలి.

సమస్య: “అర్థమైందా?” అని అడగబోతే “నీకు అందుతుందా?” అన్న అర్థం వస్తోంది.
కారణం: ‘దొస్తత్’ అంటే ఉత్తరమో జీతమో బహుమతో చేతికి అందడం. జ్వరం రావడాన్ని కూడా ఈ క్రియతో చెప్పవచ్చు గాని, గ్రహించడం దీని పరిధిలోకి రాదు.
పరిష్కారం: స్నేహితుణ్ణి “ఖాపెష్?” అని, పెద్దవారిని, కొత్తవారిని “రొజుమీతె?” అని అడగాలి. మనకే అర్థం కాకపోతే “నెరొజుమీమ్” అనడం మర్యాదగా ఉంటుంది.

సమస్య: బియ్యం ఎక్కడ దొరుకుతుందని అడిగితే ఎవరో ఉచితంగా ఇస్తారన్నట్టు ధ్వనిస్తోంది.
పరిష్కారం: వెతికి సంపాదించడానికి ‘సెహ్నత్’ అనే క్రియ ఉంది: “గ్దె సెఝెను రీఝి?” కేవలం కొనడమైతే ‘కొఉపిత్’, ఒకరి కోసం వెళ్లి తీసుకురావడమైతే ‘ప్ర్షినేస్త్’ సరిపోతాయి.

సమస్య: స్టేషనుకు దారి అడిగితే వాక్యం అతకడం లేదు.
కారణం: ‘సె’ అనే చిన్న మాట జారిపోయింది. ‘దొస్తత్’ అందుకోవడం, ‘దొస్తత్ సె’ చేరుకోవడం.
పరిష్కారం: “యక్ సె దొస్తను న నాద్రఝీ?” అనాలి. నడిచి చేరితే ‘దొయీత్’, వాహనంలో చేరితే ‘దొయెత్’. మన ‘చేరు’లో ఈ తేడా లేదు కనుక ఇక్కడ ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి.

సమస్య: ‘గెట్ ఓల్డ్’, ‘గెట్ రిచ్’ వంటి చోట్ల ఏ క్రియ వాడాలో తోచదు.
కారణం: ఇక్కడ ఇంగ్లీషు రెండు మాటలతో చెప్పేదాన్ని చెక్ తరచుగా ఒకే క్రియలో ఇముడుస్తుంది. ‘స్తరీ’ అంటే ముసలి, ‘జెస్తార్ల్’ అంటే ముసలివాడయ్యాడు. ‘బొహతీ’ అంటే ధనవంతుడు, ‘జ్బొహత్ల్’ అంటే ధనవంతుడయ్యాడు. జబ్బుపడ్డాడు అనడానికి ‘ఒనెమొత్స్న్యెల్’, చీకటి పడుతోంది అనడానికి ‘స్త్మీవా సె’.
పరిష్కారం: ఇంగ్లీషు వాక్యాన్ని పక్కనపెట్టి, అదే భావాన్ని ముందు తెలుగులో అనుకోవాలి. చాలాసార్లు ‘గెట్’ మాయమై అసలు క్రియ బయటపడుతుంది. నా దృష్టిలో ఇంతకు మించిన ఉపాయం లేదు. అయితే మన ‘అయ్యాడు’ను చూసి ప్రతిచోటా ‘స్తల్ సె’ అనకూడదు. అది వైద్యుడయ్యాడు (“స్తల్ సె లేకర్ఝెమ్”) వంటి వాక్యాలకు తగినది.

పెళ్లి విషయంలో మాత్రం తెలుగు కూడా ఆదుకోదు. మనం స్త్రీపురుషులిద్దరికీ ‘పెళ్లి చేసుకోవడం’ అంటాము. చెక్‌లో పురుషుడైతే ‘ఒఝెనిల్ సె’, స్త్రీ అయితే ‘వ్దల సె’, ఇద్దరినీ కలిపి చెబితే ‘వ్జలి సె’. వీటిని తారుమారు చేస్తే వినేవారికి వెంటనే తెలిసిపోతుంది.

సమస్య: ప్రతి నెలా జీతం అందుతుందని చెప్పబోతే ఒక్కసారి అందబోతుందన్న అర్థం వస్తోంది.
కారణం: ‘దొస్తను’ రూపంలో వర్తమానంలా కనిపించినా, అర్థంలో భవిష్యత్తు.
పరిష్కారం: మళ్లీమళ్లీ జరిగేదానికి ‘దొస్తావత్’ అనే జంట క్రియ వాడి, “దొస్తావామ్ వీప్లతు” అనాలి.