కొత్తగా చిన్న బోటు కొన్నవారు రక్షణ సామగ్రిని ఎంచుకోవడం, పరీక్షించుకోవడం ఎలా?

కొత్తగా ఫైబర్ బోటు కొనేవారు ఇంజిను ఎన్ని హార్స్ పవర్‌దో, గంటకు ఎంత ఆయిలు తాగుతుందో నలుగురిని అడిగి తెలుసుకున్న తరువాతే బయానా ఇస్తారు. లైఫ్ జాకెట్ల దగ్గరికి వచ్చేసరికి ఆ విచారణ అంతా పక్కకు పోయి, తనిఖీ రోజున చూపించడానికి ఏవో నాలుగు ఉంటే చాలుననే ధోరణి కనిపిస్తుంది. కొత్తపట్నం, పాకల, రామాయపట్నం, జువ్వలదిన్నె, ఇస్కపల్లి, మైపాడు వంటి తీరాల నుంచి ఎనిమిది తొమ్మిది మీటర్ల లోపు బోటును వేటకు గానీ, సరదాకు గానీ సొంతంగా తీయబోతున్నవారు ఏ వస్తువును ఎలా ఎంచుకోవాలో, అది పనిచేస్తుందో లేదో ఎలా తేల్చుకోవాలో ఇక్కడ వరుసగా చూద్దాం.

1. కొనడానికి ముందు లెక్క వేసుకోండి

బోటులో ఎప్పుడైనా గరిష్ఠంగా ఎంతమంది ఎక్కుతారు, వారిలో పిల్లలు ఉంటారా, తీరం నుంచి ఎంత దూరం పోతారు, రాత్రి నీటి మీద ఉండవలసి వస్తుందా అనే నాలుగు సంగతులను కాగితం మీద రాసుకోండి. ఆ తరువాత సామగ్రిని మూడు వరుసలుగా విడదీయండి. మనిషి నీటిలో పడిన మొదటి నిమిషంలో అక్కరకు వచ్చేవి ఒక వరుస, బోటు ఆగిపోయిన మొదటి గంటలో కావలసినవి రెండో వరుస, సహాయం అందేదాకా మనల్ని ఇతరులకు కనిపించేట్టు, వినిపించేట్టు చేసేవి మూడో వరుస. డబ్బు తక్కువగా ఉంటే ఈ వరుసలోనే ఖర్చు పెట్టాలి. మొదటి వరుస పూర్తికాకుండానే ఖరీదైన చేపల ఫైండరు కొనడం నా దృష్టిలో తలకిందుల పని.

పాత బోటు కొన్నవారు సామగ్రికి ముందు బోటునే పరీక్షించాలి. ఫైబర్ బోటులో అణియం (ముందు కొస), అమరం (వెనుక కొస) భాగాల్లో మూసి ఉంచిన అరలలో నురుగు నింపి ఉంటుంది. నీరు నిండినా బోటు అడుగంటకుండా ఆపేది అదే. ఆ అరలకు పగుళ్లు పడి నురుగు నీటిని పీల్చుకుని ఉంటే, బోటు ఎప్పటికంటె బరువుగా, ఒక పక్కకు ఒరిగి తేలుతుంది. మత్స్యశాఖ ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు పక్కల మీద దూరానికి చదవగలిగేటంత స్పష్టంగా ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోండి, ఎందుకంటే వెదికేవారు బోటును గుర్తించేది ఆ నంబరుతోనే.

2. లైఫ్ జాకెట్: ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి

జాకెట్ మీద ఉండే లేబులులో మొదట చూడవలసింది న్యూటన్ల అంకె. 10 న్యూటన్లంటే సుమారు ఒక కిలో బరువును తేల్చే బలం. 50 అని ఉన్నది ఈత వచ్చినవారికి ఒడ్డు దగ్గర తోడ్పడే వస్తువే తప్ప, స్పృహ తప్పిన మనిషిని వెల్లకిలా తిప్పదు. ఒడ్డు కనిపించే దూరంలో, ప్రశాంతమైన నీటిలో 100 సరిపోతుంది. సముద్రంలోకి పోయేవారు 150 ఉన్నదాన్నే ఎంచుకోవడం మంచిది. లేబులు మీద ఐఎస్ఓ 12402 అనే ప్రమాణం సంఖ్య, ధరించేవారి బరువు పరిమితి కనిపించాలి. "ఎవరికైనా సరిపోతుంది, తీసుకో అన్నా" అని దుకాణదారు చెప్పే మాట పెద్దవారి విషయంలో కొంతవరకు చెల్లుతుందేమో గానీ, పిల్లలకు అసలే చెల్లదు. పిల్లల జాకెట్‌ను వారి బరువును బట్టి కొని, పైకి జారకుండా కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్నదాన్నే తీసుకోవాలి.

రంగు నారింజ గానీ, ముదురు పసుపు గానీ అయి ఉండాలి. నీలం, నలుపు రంగులవి చూడటానికి బాగుంటాయి గానీ, నీటిలో కనిపించవు. భుజాల మీద వెలుగు పడితే మెరిసే టేపు, తాడుతో కట్టిన ఈల ఉండాలి. ఈల లోపల గోళీ లేనిదైతే ఉప్పునీటిలో తడిసినా మోగుతుంది.

లోపలి నురుగును పరీక్షించడానికి బొటనవేలితో గట్టిగా నొక్కి వదలండి. మంచి నురుగు వెంటనే పొంగి మునుపటి రూపానికి వస్తుంది. గుంట అలాగే నిలిచిపోయినా, లోపల ఇసుకలా కరకర శబ్దం వచ్చినా, అది నాసిరకం నురుగో, ముక్కలైన థర్మాకోలో అయి ఉంటుంది. ఆ జాకెట్ వద్దు. కుట్ల దగ్గర పట్టీని రెండు చేతులతో లాగి చూడండి. ఎండకు వెలిసి గట్టిపడిన పట్టీ పోగులు అక్కడే తెగడం మొదలవుతుంది. బకిళ్లలో ఉప్పు పేరుకుని ఉంటే కడిగి, ఒక్కచేత్తో పెట్టగలిగేదాకా సాధన చేయండి.

తరువాతి పరీక్ష ఒంటి మీద. జాకెట్ తొడుక్కుని పట్టీలు బిగించుకున్నాక, మరొకరిని భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. అది చెవుల దాకా లేస్తే సైజు పెద్దదైనట్టు. ఆ పైన పోటు లేని సమయంలో ఛాతీ లోతు నీటిలోకి, పక్కన ఈత వచ్చినవారిని ఉంచుకుని దిగండి. వేటకు వేసుకునే లుంగీ, చొక్కాతోనే దిగాలి. కాళ్లు ఎత్తి, ఒళ్లు వదిలేసి వెల్లకిలా తేలినప్పుడు నోరు నీటి మట్టానికి పైన ఉండాలి. ఇంట్లో ఎంతమంది బోటు ఎక్కుతారో అంతమందికీ ఈ పరీక్ష ఒక్కసారైనా జరగాలి.

గ్యాసు సిలిండరుతో ఉబ్బే పల్చటి జాకెట్లు ఉక్కపోతలో సుఖంగా ఉంటాయి గనుక కొందరు వాటివైపు మొగ్గు చూపుతున్నారు. వాటికి నిర్వహణ ఎక్కువ. నోటితో ఊది ఒక రాత్రి ఉంచితే తెల్లవారేసరికి మెత్తబడకూడదు. చిన్న సిలిండరును విప్పి, దాని మీద ముద్రించిన బరువుతో కిరాణా కొట్టు డిజిటల్ త్రాసులో సరిచూసి, బరువు తగ్గి ఉంటే మార్చాలి. నీరు తగలగానే దానంతటదే ఉబ్బే రకమైతే అందులోని గుళికకు గడువు తేదీ ఉంటుంది. వలలు లాగేటప్పుడు కెరటం మీద పడితే అది అనవసరంగా ఉబ్బే అవకాశమూ ఉంది కాబట్టి, వేటకు పోయేవారికి నురుగు జాకెట్టే నయమని నా అభిప్రాయం.

పెన్న సముద్రంలో కలిసే చోట వంటి ముఖద్వారాల్లో ఇసుక మేట మీద కెరటాలు విరుగుతుంటాయి. అక్కడ దాటేటప్పుడు జాకెట్ బోటులో ఉంటే చాలదు, ఒంటి మీద ఉండాలి. బోల్తా పడిన తరువాత దాన్ని తొడుక్కోవడం ఈతగాళ్లకు కూడా సాధ్యం కాదు.

మనిషి నీటిలో పడితే విసరడానికి ఒక లైఫ్ రింగు, దానికి 30 మీటర్ల తాడు ఉంచండి. తాడు పాలీప్రొపిలీన్‌దై ఉండాలి. నైలాన్ తాడు మునిగిపోతుంది. బకెట్టు నీళ్లలో ఒక ముక్క వేసి చూస్తే తేడా అప్పుడే తెలుస్తుంది.

3. బోటు ఆగిపోయిన తొలి గంట కోసం

అవుట్‌బోర్డ్ ఇంజినుకు ఎర్రటి మెలికల తాడు ఒకటి వస్తుంది. నడిపేవారు దాన్ని మణికట్టుకో, జాకెట్‌కో తగిలించుకుంటే, వారు నీటిలో పడగానే ఇంజిను ఆగిపోతుంది. లేకుంటే తిరుగుతున్న పంకాతో బోటు పడినవారి మీదికే మళ్లవచ్చు. ఒడ్డునే ఇంజిను నడిపి తాడు లాగి చూడండి; ఆగకపోతే ఆ రోజు బోటు తీయవద్దు.

లంగరుకు ఒకటి రెండు మీటర్ల గొలుసు, ఆపైన తాడు ఉండాలి. లోతుకు కనీసం ఐదింతలు, గాలి ఎక్కువగా ఉంటే ఏడింతలు తాడు వదిలితేనే లంగరు ఇసుకలో పడుకుని పట్టుకుంటుంది. అంటే పది మీటర్ల లోతులో 50 నుంచి 70 మీటర్ల తాడు కావాలి. ఈ తాడు దగ్గర పిసినారితనం చూపినవారే ఎక్కువమంది. మన తీరం వెంబడి ప్రవాహం అక్టోబరు నుంచి డిసెంబరు వరకు దక్షిణానికి, ఫిబ్రవరి నుంచి మే వరకు ఉత్తరానికి సాగుతుంది. నవంబరులో ఇంజిను చెడి లంగరు పట్టకపోతే, నెల్లూరు తీరం బోటు తమిళనాడు వైపు కొట్టుకుపోయే అవకాశమే ఎక్కువ.

మంటలు ఆర్పడానికి ఐఎస్ఐ ముద్ర ఉన్న ఏబీసీ పొడి సిలిండరును ఇంజినుకు ఆనించకుండా, ఇంజిను మీదుగా చేయి చాచకుండానే అందేచోట బిగించండి. సిలిండరు పీడనం చూపే ముల్లు పచ్చభాగంలో ఉండటం ఒక్కటే చాలదు. బోటు అదురుకు లోపలి పొడి గడ్డకడుతుంది కాబట్టి, నెలకొకసారి తలకిందులు చేసి అడుగున తట్టాలి. రెండు తెడ్లు, నీళ్లు తోడే బకెట్టు, పంకాకు చుట్టుకున్న వల కోయడానికి కత్తి, మనిషికి మూడు లీటర్ల చొప్పున మంచినీళ్లు, కట్టు కట్టే సరంజామా ఉంచుకోవాలని వేరే చెప్పనక్కరలేదు.

4. కనిపించడానికి, వినిపించడానికి

ఫైబర్ బోటు ఓడల రాడార్‌లో సరిగా కనిపించదు. కృష్ణపట్నం రేవుకు వచ్చే ఓడల దారిలో రాత్రి వల వేసి కూర్చున్నవారికి ఇది ప్రాణం మీది సంగతి. రాడార్ తరంగాలను తిప్పి పంపే, లోహపు పలకలతో చేసిన రాడార్ రిఫ్లెక్టరును కర్రకు కట్టి వీలైనంత ఎత్తున నిలబెట్టండి. ఏడు మీటర్ల లోపు పొడవు, గరిష్ఠంగా ఏడు నాట్ల (గంటకు సుమారు 13 కిలోమీటర్ల) వేగం ఉన్న పడవకు చుట్టూ కనిపించే తెల్లదీపం ఒకటి ఉంటే అంతర్జాతీయ నిబంధనల ప్రకారం చెల్లుతుంది. అంతకంటె పెద్దదో, వేగమైనదో అయి పన్నెండు మీటర్ల లోపుదైతే, ముందుకు చూస్తూ కూర్చున్నవారికి ఎడమన ఎరుపు, కుడిన పచ్చ దీపాలు కూడా ఉండాలి. కొందరు వైరింగ్‌లో వీటిని తారుమారు చేస్తుంటారు. బోటుకు ఎదురుగా ఒడ్డున నిలబడి చూసేటప్పుడు ఎరుపు మీ కుడి చేతివైపు కనిపించాలి.

అపాయ సంకేతాలలో చేతిలో పట్టుకునే ఎర్ర మంట ఒక నిమిషం వెలుగుతుంది, ఆకాశంలోకి ఎగిరే పారాచూట్ రాకెట్ సుమారు 300 మీటర్ల ఎత్తుకు పోయి 40 సెకన్లు కనిపిస్తుంది, నారింజ రంగు పొగ పగటి కోసం. వీటికి సాధారణంగా మూడేళ్ల గడువు ఉంటుంది. గడువు తేదీని, వాడే పద్ధతి బొమ్మలను కొనేటప్పుడే చదవండి, ఎందుకంటే చీకట్లో, తడి చేతులతో చదవలేరు. మంటను గాలి పోయే వైపున బోటు అంచుకు బయటకు చాచి పట్టుకుని, ఓడో హెలికాప్టరో కంటబడినప్పుడు మాత్రమే వెలిగించాలి. గడువు తీరినవాటిని దీపావళికి కాల్చడం నేరమే గాక, అపాయంలో ఎవరో ఉన్నారని కోస్ట్ గార్డును పరుగెత్తించడమే.

ఫోను తీరానికి కొన్ని కిలోమీటర్ల దాకానే పనిచేస్తుంది. దాన్ని నీరు చొరని సంచిలో పెట్టి, కోస్ట్ గార్డు 1554, మెరైన్ పోలీసు 1093 నంబర్లను అందులో ముందే ఎక్కించుకోండి. ఓడలతో, తీర కేంద్రాలతో మాట్లాడే వీహెచ్ఎఫ్ రేడియో సెట్టుకు అనుమతి అవసరం. అపాయంలో 16వ ఛానెలులో "మేడే" అని మూడుసార్లు పలికి, బోటు పేరు, ఉన్న చోటు, మనుషుల సంఖ్య చెప్పాలి. దూరం పోయేవారికి ఇస్రో రూపొందించిన అపాయ సంకేత పరికరం మేలు. మీట నొక్కితే బోటు ఉన్న చోటు ఉపగ్రహం ద్వారా రక్షణ కేంద్రానికి చేరుతుంది, రెండో తరం పరికరమైతే సంకేతం అందిందన్న జవాబు కూడా తిరిగివస్తుంది. బోటు చేతులు మారినప్పుడు ఈ పరికరం వివరాలను మత్స్యశాఖ దగ్గర మీ పేరుకు మార్పించుకోండి, లేదంటే వారు పాత యజమాని ఇంటికే ఫోను చేస్తారు.

5. ఎప్పుడెప్పుడు పరీక్షించాలి?

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మోటారు బోట్లకు వేట నిషేధం ఉంటుంది. వలలు బాగుచేసుకునే ఆ రెండు నెలల్లోనే పెద్ద తనిఖీ కూడా పెట్టుకుంటే సరిపోతుంది. అయితే రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండలో జాకెట్లను ఇసుక మీద ఆరబెట్టవద్దు. పట్టీలు, నురుగు రెండూ చెడతాయి.

బయలుదేరే ప్రతి రోజు ముందుగా ఇన్‌కాయిస్ (కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ) ఇచ్చే కెరటాల ఎత్తు సూచన, వాతావరణ శాఖ హెచ్చరిక చూడండి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వాయుగుండాల కాలం కాబట్టి, ఆ నెలల్లో ముందురోజు చూసిన సూచనతో మర్నాడు పోకూడదు. జాకెట్లు మనుషులకు సరిపడా ఉన్నాయా, ఇంజిను ఆపే తాడు పనిచేస్తున్నదా, అడుగు బిరడా బిగించారా, దీపం వెలుగుతున్నదా అని చేత్తో తాకి చూడండి. ఎవరెవరు పోతున్నారో, ఏ వైపుకో, ఏ వేళకు తిరిగివస్తారో ఒడ్డున ఉన్న ఒక మనిషికి చెప్పి, ఆ వేళ దాటితే ఎవరికి ఫోను చేయాలో కూడా వారితో ఒప్పుకోండి.

తిరిగి వచ్చాక జాకెట్లను, బకిళ్లను, తాడును మంచినీటితో కడిగి నీడలో ఆరబెట్టండి. మూటగట్టి వలల కింద పడేస్తే ఎలుకలు నురుగు కొరికేస్తాయి, కాబట్టి దూలానికి వేలాడదీయండి. ఆయిలు డబ్బాల పక్కన మాత్రం ఉంచవద్దు.