అమ్మతో తిరుపతి నుంచి హార్సిలీ హిల్స్‌కి కారులో వెళ్లాలంటే

అరవై దాటిన అమ్మను కారులో కూర్చోబెట్టుకుని తిరుపతి నుంచి హార్సిలీ హిల్స్ తీసుకెళ్దాం అనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. దూరం పెద్దదేం కాదు, ఒకవైపు దాదాపు 150 కిలోమీటర్లు. కుర్రాళ్లు పొద్దున పోయి రాత్రికి వచ్చేస్తారు. మీరు అలా చెయ్యొద్దు. రెండు రోజులు పెట్టుకోండి, ఒక రాత్రి కొండమీదే పడుకోండి.

మొదటిసారి మా అమ్మను తీసుకెళ్లినప్పుడు ఒక్క రోజులోనే చంద్రగిరి కోట, తలకోన, హార్సిలీ హిల్స్ మూడూ చూపించేయాలనుకున్నాను. తలకోనలో జలపాతం దాకా నడిచే దారిలో సగం కూడా వెళ్లకముందే ఆమె కళ్లు తిరుగుతున్నాయని ఒక రాతిమీద కూర్చుండిపోయింది. ఎండ దెబ్బేమో అనుకున్నా. నీళ్లిచ్చి అడిగితే అప్పుడు చెప్పింది, పొద్దున ఇంట్లో కాఫీ తాగాక మళ్లీ చుక్క నీళ్లు ముట్టలేదని. ఎందుకమ్మా అంటే, "దారిలో ఎక్కడికి పోయేదిరా?" అంది. బాత్రూమ్ దొరకదేమోనని, ఊరికే బండి ఆపించాల్సి వస్తుందేమోనని, నన్ను ఇబ్బంది పెట్టకూడదని. ఆ రోజు అక్కణ్ణుంచే వెనక్కి తిప్పేశాను.

అందుకే మిగతా ప్లాను కంటే ముందు ఈ బాత్రూమ్ సంగతి తేల్చుకోండి. మన అమ్మలు నోరు తెరిచి అడగరు, "నాకేం అవసరం లేదులే, నువ్వు పోనీ" అంటారు. మీరు అడగడం మానేసి ఆపడం మొదలుపెట్టండి. గంటకోసారి, పెద్ద పెట్రోల్ బంకు కనపడితే చాలు, బండి లోపలికి తిప్పేయండి. నాకు టీ తాగాలనుంది, కాళ్లు పట్టేశాయి అని మీమీదే వేసుకోండి. ముందు మీరు దిగి బాత్రూమ్ ఎలా ఉందో, నీళ్లున్నాయో లేదో చూసి వచ్చి చెప్పండి, ఆడవాళ్లెవరైనా తోడుంటే వాళ్లను చూడమనండి. ఒక మగ్గు, సబ్బు, చిన్న తువ్వాలు, లీటరు నీళ్ల బాటిల్ విడిగా ఒక సంచిలో పెట్టి అమ్మ కాళ్ల దగ్గరే ఉంచండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కింద కూర్చునే బాత్రూమ్ కష్టం, కాబట్టి టిఫిన్‌కు ఆగే హోటల్ కాస్త పెద్దది చూసుకుని, కమోడ్ ఉందా అని ముందే అడగండి, ఇందులో సిగ్గేం లేదు. ఒకటి రెండుసార్లు ఇలా ఆగితే ఆమెకు ధైర్యం వస్తుంది, తనే నీళ్లు తాగడం మొదలుపెడుతుంది. గంటకోసారి దిగి నాలుగడుగులు వేస్తే కాళ్ల వాపు కూడా తగ్గుతుంది.

మందుల గురించి ఇంకోమాట. షుగర్ ఉన్న అమ్మ అయితే టాబ్లెట్ వేసుకుని టిఫిన్ ఆలస్యం చేయకూడదు, షుగర్ పడిపోయి చెమటలు, వణుకు వస్తాయి. ఏ ఊరు చేరాక తింటామో చూసుకుని, దానికి తగ్గట్టే మాత్ర వెయ్యండి. రెండు అరటిపళ్లు, గ్లూకోజ్ ప్యాకెట్ చేతికందేలా ఉండాలి. ఇన్సులిన్ వాడితే డ్యాష్‌బోర్డు మీద, ఎండలో ఆపిన కారులో వదలొద్దు, చల్లటి ఫ్లాస్కులో పెట్టి మీరు దిగినప్పుడు మీతోపాటే తీసుకెళ్లండి.

సద్ది కట్టుకోవడం మంచిదే, పులిహోర, పెరుగన్నం, కాస్త ఊరిబిండి పచ్చడి ఉంటే దారిలో దేనికీ వెతుక్కోనక్కర్లేదు. కానీ ఆ పని అమ్మకు వదిలేశారంటే ఆమె తెల్లవారుజామున మూడింటికే లేచి పొయ్యి దగ్గర నిలబడుతుంది, బండెక్కేసరికే అలిసిపోతుంది. ముందురోజు రాత్రే మీరే చింతపండు పులుసు ఉడికించి పెట్టుకోండి, పొద్దున అన్నం కలిపితే సరిపోతుంది.

ఇక దారి. పొద్దున ఆరుకు బయల్దేరండి. మదనపల్లె రోడ్డు పట్టుకుంటే మొదట శ్రీనివాసమంగాపురం వస్తుంది, కళ్యాణ వేంకటేశ్వరస్వామి గుడి రోడ్డుకు దగ్గర్లోనే. ఒక దండం పెట్టుకుని బయల్దేరితే ఆమె మనసు కుదుటపడుతుంది. చంద్రగిరి కోట మాత్రం ఈసారి వదిలేయండి. విజయనగర రాజులు చివరి రోజుల్లో ఉన్న చోటు, ఇటుక, సున్నం, రాయితో కట్టిన రాజమహల్ చూడదగ్గదే, కాదనను. కానీ అది తిరుపతికి పక్కనే ఉంది, ఇంకో సాయంత్రం తీరుబడిగా వెళ్లొచ్చు. తలకోన కూడా అంతే. 270 అడుగుల ఎత్తు నుంచి దూకే నీళ్లు చూస్తే ఒళ్లు పులకరిస్తుంది, కానీ ఆ నడక మోకాళ్లు బాగుంటేనే.

రంగంపేట దాటాక భాకరాపేట ఘాట్ మొదలవుతుంది. పక్కన శేషాచలం అడవి, పొద్దుటి మంచు, చెట్లమీద పడే లేత ఎండ, అమ్మ కిటికీ అద్దం దించేసి చూస్తూ ఉండిపోతుంది. అంత అందమైన చోటే ప్రమాదం కూడా. 2022 మార్చిలో నిశ్చితార్థానికి వెళ్తున్న వాళ్ల బస్సు రాత్రిపూట ఇక్కడే లోయలో పడి చాలామంది పోయారు. కాబట్టి ఈ ఘాట్‌ను చీకట్లో దాటేలా ఎప్పుడూ టైమ్ పెట్టుకోవద్దు, పోయేటప్పుడైనా వచ్చేటప్పుడైనా. మలుపు మలుపుకూ హారన్ కొట్టండి, మలుపులో ఓవర్‌టేక్ చేయొద్దు. ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలన్నది రూలు, కానీ ఎదుటివాడికి అది తెలియకపోవచ్చు, వదిలేయండి, మీరే ఆగండి. దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగితే బ్రేకులు వేడెక్కవు. అమ్మకు వాంతులయ్యే అలవాటుంటే ముందు సీట్లో కూర్చోబెట్టి దూరంగా ఉన్న కొండను చూడమనండి, ఫోన్ చూడనివ్వొద్దు. ఘాట్‌కు ముందు పూరీ, వడ లాంటివి పెట్టొద్దు, టిఫిన్ పీలేరులోనే. పీలేరుకు ఎనిమిదిలోపు చేరిపోతారు.

పీలేరు, కలికిరి దాటాక వాయల్పాడు. ఇక్కణ్ణుంచి పక్కదారి పట్టి తరిగొండ వెళ్లాలి, ఈ ప్రయాణంలో దీన్ని మాత్రం వదలకండి. తిరుమలలో అన్నప్రసాదం తిన్నవాళ్లందరికీ తరిగొండ వెంగమాంబ పేరు తెలుసు, ఆ భవనానికి పెట్టింది ఆమె పేరే. ఆమె పుట్టిన ఊరు ఇది. 18వ శతాబ్దంలో, చిన్న వయసులోనే భర్త పోతే, బొట్టూ గాజులూ తియ్యనని ఊరందరికీ ఎదురు నిలబడ్డ మనిషి, తర్వాత తిరుమల చేరి అక్కడే పద్యాలు రాసుకుంటూ ఉండిపోయింది. ఇప్పటికీ రాత్రి ఏకాంత సేవలో స్వామికి ఇచ్చే ముత్యాల హారతి ఆమె పేరు మీదే. మా అమ్మకు ఈ కథ సగమే తెలుసు. లక్ష్మీనరసింహస్వామి గుడిలో కూర్చుని మిగతాది చెప్తే, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మా నాన్న పోయి అప్పటికి రెండేళ్లు. బయటికి వచ్చాక గుడి ముందు పూలమ్మే ఆవిడ దగ్గర మల్లెలు కొని తలలో పెట్టుకుంది. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. పల్లెటూరి గుళ్లు మధ్యాహ్నం మూసేస్తారు, కాబట్టి పదిన్నరలోపు అక్కడుండేలా చూసుకోండి.

ఈ దారిలో పాటలు తక్కువ పెట్టండి. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో పుట్టిన అమ్మకు ప్రతి ఊర్లోనూ ఎవరో ఒకరు చుట్టాలుంటారు. ఫలానా ఊరి బోర్డు కనపడగానే "మా పెద్దత్తను ఈ ఊరికే ఇచ్చింది" అని మొదలుపెడుతుంది. ఆపకండి. ఆ ఇల్లు ఎక్కడుందో గుర్తుందా అని అడగండి, గుర్తుంటే బండి అటే తిప్పండి. చూడాల్సిన చోటు ఒకటి తగ్గినా ఏం కాదు.

మదనపల్లెలో భోజనం. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ ఇక్కడి బీసెంట్ థియోసాఫికల్ కాలేజీలో ఉన్నప్పుడే జనగణమనను ఇంగ్లీషులోకి రాశారు. కాలేజీ ముందు నుంచి పోతూ ఆ సంగతి చెప్పండి, బడిలో పాడిన రోజులు గుర్తొస్తాయి.

మధ్యాహ్నం రెండింటికి బి.కొత్తకోట వైపు బయల్దేరితే మూడున్నర లోపు కొండమీద ఉంటారు. ఎత్తు నాలుగు వేల అడుగులకు పైనే, ఎక్కేటప్పుడు చెవులు మూసుకుపోతాయి, గుటక వేయమనండి. కొండ అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ అనే అమ్మను ఏనుగులు పెంచాయని కథ. కడప కలెక్టరుగా ఉన్న హార్స్లీ ఇక్కడ ఇల్లు కట్టుకున్నాక పేరు మారింది. టూరిజం వాళ్ల రూములు ముందే బుక్ చేసుకోండి, శని ఆదివారాలు అస్సలు దొరకవు, బుక్ చేసేటప్పుడే కింది అంతస్తు కావాలని అడగండి. మెట్లు లేని గది దొరికితే సగం టెన్షన్ పోయినట్టే. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా రాత్రి చలి గట్టిగా ఉంటుంది, స్వెటర్, సాక్సులు, చెవులకు కట్టుకోను ఒక గుడ్డ తప్పనిసరి.

సాయంత్రం గాలిబండకు వెళ్లండి. పేరుకు తగ్గట్టే గాలి మనిషిని తోసేస్తుంది, అమ్మ చెయ్యి వదలొద్దు, అంచుకు పోనివ్వొద్దు, కొంగు బొడ్లో దోపుకోమనండి. కోతులున్నాయి, తినేది ఏదీ చేతిలో పట్టుకోవద్దు. పొద్దు కుంకేదాకా అక్కడే కూర్చోండి, ఇంకెక్కడికీ తిప్పకండి.

మర్నాడు పొద్దున మంచు విడిచేదాకా కొండ దిగొద్దు. పది తర్వాత బయల్దేరినా వెలుతురుండగానే భాకరాపేట ఘాట్ దాటేయొచ్చు. కాణిపాకం చూడాలని అమ్మ అడిగితే పుంగనూరు, పలమనేరు, చిత్తూరు మీదుగా రావచ్చు, కానీ దూరం ఎక్కువ, మొగిలి ఘాట్‌లో లారీలూ ఎక్కువే, ఆమెకు ఓపిక ఉందో లేదో పొద్దున చూసి అప్పుడే తేల్చుకోండి.

ఒకటి మరిచాను, వచ్చేటప్పుడు డిక్కీలో కాస్త చోటు ఉంచండి. మదనపల్లెలో టమోటాల ధర వినగానే అమ్మ ఒక బాక్సు కొనకుండా రాదు, ఇంటికొచ్చాక అటుపక్క ఇంటికీ ఇటుపక్క ఇంటికీ పంచుతూ కొండమీద గాలి ఎలా కొట్టిందో చెప్పుకోవాలి కదా.