ఆల్కెమీ కలిపితే ఆట మొరాయిస్తోందా? సమస్యలు, పరిష్కారాలు

బరంపురంలో మా ఇంట్లో ఆదివారాలు డొమీనియన్ అనే కార్డుల ఆట నడుస్తుంది. ఇచ్ఛాపురం నుంచి రైలెక్కి వచ్చేవాళ్లు, సెలవులకి పర్లాకిమిడి నుంచి దిగే కుర్రాళ్లు, పక్కింటి ఒడియా దంపతులు, అందరం కలిసి ఆడతాం. 2008 నాటి అసలు ఆట అందరికీ కొట్టినపిండే. 2010లో వచ్చిన ఆల్కెమీ విస్తరణ కలిపిన రోజునే గొడవలు. ఆ పెట్టెకి చెడ్డపేరు కూడా ఉంది. నా లెక్కలో ఆ పేరు సగానికి సగం అన్యాయం. తప్పు చాలావరకు ఆ రోజు ఆటకి కొనుక్కునే కార్డుల పది కుప్పలు ఎంచుకునే దగ్గరే జరుగుతుంది.

పెట్టె విప్పితే కాపర్లు, ఎస్టేట్లు లేవు

ఉండవు. ఇది విస్తరణ మాత్రమే, విడిగా ఆడలేం. డబ్బు కార్డులైన కాపర్, సిల్వర్, గోల్డ్, పాయింట్లిచ్చే ఎస్టేట్, ప్రావిన్స్, పాయింటు తగ్గించే కర్స్ ఇవన్నీ అసలు ఆట పెట్టెలోంచే రావాలి. కొనేముందే చూసుకోండి.

"ఏటి మావా, సీసా వచ్చీసరికి పైసల్లేవు, పైసలొచ్చీసరికి సీసా లేదు!"

అందరికంటే ఎక్కువగా వినబడే ఫిర్యాదు ఇదే. సీసా అంటే పోషన్ కార్డు, దాని ఖరీదు 4 నాణేలు. అది ట్రెజర్ కార్డే గానీ డబ్బు కాదు, ఒక్క నాణెం విలువ కూడా ఇవ్వదు. కానీ ఈ పెట్టెలో చాలా కార్డుల ఖరీదులో అదీ ఉంటుంది. ఆల్కెమిస్ట్‌కో ఫెమిలియర్‌కో 3 నాణేలూ ఒక పోషనూ ఒకే చేతిలో, అంటే ఆ వంతుకొచ్చిన అయిదు కార్డుల్లోనే పడాలి. అంటే పోషన్ కాక మిగిలిన నాలుగు కార్డుల్లోంచే ఆ మూడు నాణేలు రావాలి.

కారణం ఎక్కువగా మొదటి రెండు కొనుగోళ్లలోనే దొరుకుతుంది. ఏడు కాపర్లు, మూడు ఎస్టేట్లతో మొదలైన డెక్కు (ఎవరి కార్డుల కట్ట వాళ్లది) మొదటి రెండు వంతుల్లో సాధారణంగా 4, 3 నాణేలుగా చీలుతుంది; కాపర్ 1 నాణెం, సిల్వర్ 2. 4తో పోషన్ కొంటారు. 3తో ఏం కొన్నారన్నదే అసలు ప్రశ్న. సిల్వర్ కొన్నవాళ్లకి, పోషన్ చేతికొచ్చినప్పుడు పక్కన 3 నాణేలు దొరికే అవకాశం నూటికి 78. సిల్వర్ బదులు వర్క్‌షాప్ లాంటి డబ్బివ్వని కార్డు కొంటే అది 53కి పడిపోతుంది. కాగితం మీద లెక్క వేసి చూసుకోవచ్చు. మా కుర్రాళ్లు నమ్మక, కార్డులు పరిచి మరీ చూశారు.

కాబట్టి మందు సులువే: పోషన్‌కి జోడీగా సిల్వర్ కొనండి. ఇంకోటి, మూడో నాలుగో వంతుల్లో పోషన్ అసలు కనబడకపోతే కంగారుపడి రెండోది కొనకండి. అప్పటికి డెక్కులో 12 కార్డులుంటే చేతికొచ్చేవి 10. ఆరింట ఒకసారి అది అడుగునే ఉండిపోతుంది. రెండు పోషన్లు అడిగే కార్డు ఈ పెట్టెలో ఒక్కటీ లేదు. వైన్‌యార్డ్‌లు వరసగా కొనాలనుకుంటే తప్ప రెండో పోషన్ బరువే.

పోషన్ కుప్ప అలాగే ఉంది, ఎవరూ ముట్టుకోవడం లేదు

పది కుప్పల్లో పోషన్ అడిగేది ఒక్కటే ఉంటే ఇలాగే అవుతుంది. ఒక్క కార్డు కోసం 4 నాణేలు, ఒక వంతు ఎవరు తగలేస్తారు? పోషన్ ఖరీదున్న కుప్పలు కనీసం మూడు పెట్టండి, నాలుగైతే ఇంకా మేలు. హెర్బలిస్ట్, అప్రెంటిస్ ఈ లెక్కలోకి రావు, వాటికి నాణేలు చాలు. ఆల్కెమీ నుంచి ఆ రెండే తీసుకుంటే పోషన్ కుప్ప బల్ల మీద పెట్టనే అక్కర్లేదు.

ఆల్కెమిస్ట్ మళ్లీ డెక్కు మీదకి రావడం లేదు

వంతు చివర, ఆటలో (అంటే మీ ముందు బల్ల మీద) పోషన్ ఉంటేనే ఆల్కెమిస్ట్‌ని డెక్కు పైన పెట్టుకోవచ్చు. "ఇప్పుడు దాంతో కొనేదేం లేదు కదా" అని పోషన్‌ని చేతిలోనే ఉంచేసుకుంటారు. అక్కడే పోతుంది. కొన్నా కొనకపోయినా పోషన్‌ని బల్ల మీద వేయాలి. ఒక్క పోషన్ ఉంటే చాలు, ఆ వంతులో ఆడిన ఆల్కెమిస్ట్‌లన్నీ పైకెళ్తాయి.

దీనికి హెర్బలిస్ట్ తోడైతే మజా వేరు. ఆటలోంచి తీసేస్తున్న ట్రెజర్ ఒకదాన్ని అది డెక్కు మీద పెట్టనిస్తుంది, పోషన్ కూడా ట్రెజరే. ముందు ఆల్కెమిస్ట్‌లు పైన పెట్టండి, ఆ తర్వాతే పోషన్. వరస తిరగేస్తే పోషన్ ఆటలోంచి వెళ్లిపోయినట్టే, ఆల్కెమిస్ట్‌లు వాడేసిన కార్డుల కుప్పకి, అంటే డిస్కార్డ్‌కి పోతాయి. నాలుగు ఆల్కెమిస్ట్‌లు, ఒక పోషన్ కుదిరితే వచ్చే చెయ్యి ముందే తయారు. ఎదుటివాళ్లకి మాత్రం చూస్తూ కూర్చోవడమే పని.

యూనివర్సిటీతో ఫెమిలియర్ తీసుకోవచ్చా?

కూడదు. యూనివర్సిటీ కార్డు తెచ్చుకోనిచ్చే "5 వరకు ఖరీదు" అంటే నాణేల మాటే, ఖరీదులో పోషన్ గుర్తున్న కార్డు దానికి అందదు. వర్క్‌షాప్‌కీ ఇదే సూత్రం. ఒక కార్డుని ట్రాష్ చేసి (ఆటలోంచి పూర్తిగా పారేసి) దానికన్నా 2 నాణేలు ఎక్కువ ఖరీదు వరకు ఇంకోటి తెచ్చుకోనిచ్చే రీమోడల్ దగ్గర కథ మారుతుంది: ఆల్కెమిస్ట్‌ని ట్రాష్ చేస్తే లెక్క 5 నాణేలు, ఒక పోషన్ దాకా వెళ్తుంది గనక గోలెం దొరుకుతుంది.

ఫెమిలియర్ ముందు దొరికినవాడిదే గెలుపు

ఆడినవాడికి ఒక కార్డు, ఒక యాక్షన్ (ఇంకో యాక్షన్ కార్డు ఆడే వీలు) ఇచ్చి మరీ మిగతా అందరికీ కర్స్ పంచే కార్డు అది. ఇద్దరి ఆటలో పది కర్స్‌లూ చూస్తుండగానే ఒకే డెక్కులోకి చేరిపోతాయి. ఫెమిలియర్ పెట్టిన రోజు ఛాపెల్ గానీ మోట్ గానీ తప్పకుండా పెట్టండి. ఒకటి చెత్త కార్డులు ఊడుస్తుంది, ఇంకోటి కర్స్ రాకుండా తలుపేస్తుంది. రెండూ లేని బల్ల మీద ఫెమిలియర్ పెట్టడం నా ఉద్దేశంలో కక్ష సాధింపే.

ఆట తెమలడం లేదు

ఇద్దరు ముద్దాయిలు. స్క్రయింగ్ పూల్ ఆడిన ప్రతిసారీ బల్ల చుట్టూ అందరి పైకార్డూ తిప్పి చూడాలి. పొసెషన్ అయితే ఎడమవైపు ఆటగాడి చేత అదనపు వంతు ఆడించి నిర్ణయాలన్నీ మీరే తీసుకుంటారు, దొరికిన కార్డులూ మీకే. ముగ్గురు దాటితే మొదటిది వద్దు. రెండోది కొత్తవాళ్ల ముందు అసలే వద్దు. మా పక్కింటాయన కార్డులు నేను ఆడించినప్పుడు వాళ్లావిడ మొహం చూసి, పొసెషన్‌ని పెట్టె అడుగున పడేశాం.

చివర్లో పాయింట్ల తగువు

వైన్‌యార్డ్ విక్టరీ కార్డు. కాబట్టి ఇద్దరైతే 8, ముగ్గురు నలుగురైతే 12 పెట్టాలి, 10 కాదు. డెక్కులో ప్రతి మూడు యాక్షన్ కార్డులకీ ఒక పాయింటు. 11 ఉంటే 3 పాయింట్లే, మిగిలిన రెండూ గంగపాలు. ట్రాష్ కుప్పని ఎవరి డిస్కార్డ్‌కీ దగ్గర పెట్టకండి. సగం తెలుగు, సగం ఒడియాలో మాట్లాడుకునే బల్ల మీద ఆ రెండూ కలిసిపోయాయంటే విడదీయడం బ్రహ్మతరం కాదు.

కార్డులు వంగిపోతున్నాయి, ఎగిరిపోతున్నాయి

గోపాలపురం సముద్రం ఇక్కడికి దగ్గరే, గాలిలో తేమ వదలదు. వంగిన కార్డులని బోర్లించి, పైన బరువైన పుస్తకాలు పెడితే చాలావరకు సర్దుకుంటాయి. పెట్టెలో నాలుగు సిలికా జెల్ పొట్లాలు పడేయండి. ఎండాకాలం ఫ్యాన్ ఆపలేం కాబట్టి నున్నటి గచ్చు మీద కాకుండా మందపాటి దుప్పటి పరిచి ఆడండి. స్లీవ్‌లు కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. దుకాణాల్లో సులువుగా దొరికేవి పోకెమాన్ కొలతవి, 63×88 మిల్లీమీటర్ల కార్డులకి. డొమీనియన్ కార్డు 59×91, సన్నగా పొడుగ్గా ఉంటుంది. వాటిలో వేస్తే పక్కలు వదులు, పైన అంచు బయటికి. వెనక వైపు పారదర్శకంగా లేనివి తీసుకోండి. వేరువేరు ముద్రణల్లో కార్డు వెనక రంగు కాస్త తేడాగా ఉన్నా, పైన ఉన్నది పోషనో కాదో ఎవరూ పసిగట్టలేరు.